దూకు

తెలుగులో హఠాత్తు కదలికను తెలిపే ప్రధాన క్రియాపదాల్లో దూకు ఒకటి. కాళ్ళు నేలను ఒక్కసారిగా వదిలి, గాలిలో కొంత సాగి, మరోచోట పడటం దీని మూలార్థం. పడేచోటు బయల్దేరిన చోటుకంటే దిగువన ఉండటం ఈ మాటకు బాగా ఇష్టమైన సందర్భం. అందుకే గట్టు మీంచి ఏట్లోకి, చెట్టు మీంచి నేలమీదికి, పడవలోంచి రేవులోకి దూకుతారు. మనుషులకూ జంతువులకూ ఎంత సహజంగా వాడతారో నీటికీ అంతే సహజంగా వాడటం దీని విశేషం. చెరువు నిండితే అలుగు దూకుతుంది, నది కొండ మీంచి దూకుతుంది. గోదావరి డెల్టాకు తలుపు లాంటి ధవళేశ్వరంలో నూట ఇరవై ఏళ్ళకు పైగా నది ఆనకట్టను దూకే ప్రవహించింది. మాట చరిత్రనూ ఆ నీటి చరిత్రనూ ఈ వ్యాసం కలిపి చెబుతుంది.

రూపాలు

ఆధునిక కోస్తా తెలుగులో రూపం దూకు. పాత గ్రాంథిక రాతలో ఇది అరసున్నతో దూఁకు. దీనికి పక్కనే దుముకు, దుమికు అనే రూపాలు కావ్యాల్లోనూ నిఘంటువుల్లోనూ ఉన్నాయి. తెలంగాణలో వాడుక రూపం దుంకు. వానాకాలంలో అక్కడి పత్రికల్లో 'మత్తడి దుంకుతున్న చెరువులు' అన్న శీర్షిక ఏటా కనిపిస్తుంది. కోస్తాలో అలుగు అనేదాన్నే అక్కడ మత్తడి అంటారు.

ఈ రూపాలను వరసగా పెడితే మార్పు దానంతటదే బయటపడుతుంది. దుముకులో రెండు అచ్చుల నడుమ ఉన్న మకారం తెలంగాణలో అచ్చును పోగొట్టుకొని కకారానికి ముందు నిండుసున్న అయింది. కోస్తాలో అదే మకారం పలచబడి, ముందున్న అచ్చును దీర్ఘం చేసి, ముక్కుతో పలికే ఛాయగా మిగిలింది. ఆ ఛాయకు లిపిలో గుర్తు అరసున్న. తర్వాత ఆ ఛాయా పోయింది, గుర్తూ పోయింది. మామిడిని మావిడి అనే గోదావరి జిల్లాల నోటికి మకారాన్ని పలచన చేయడం కొత్త పనేమీ కాదు.

భూతకాలంలో దూకాడు, దూకింది, ప్రేరణార్థకంలో దూకించు. క్రియానామం కోస్తాలో దూకడం, తెలంగాణలో దుంకుడు. తెలంగాణ మాటల్లో -ఉడు ప్రత్యయం ఏ క్రియకైనా చేరగలదు: పోవుడు, వచ్చుడు, తినుడు. కోస్తాలో ఆ ప్రత్యయం ఇంత స్వేచ్ఛగా చేరదు. కొన్ని మాటల్లో గడ్డకట్టి ప్రత్యేకార్థంతో మిగిలింది. దూకుడు అలా మిగిలిన మాట. కోస్తావాళ్ళకు దూకడం వేరు, దూకుడు వేరు. (చూ. అర్థవిస్తరణ)

పుట్టుక

దూకుకు దగ్గరి బంధువులు కన్నడంలో ఉన్నాయి. కన్నడంలో ధుముకు అంటే దూకడమే. దానితోపాటు ధుమ్మిక్కు అనే రూపం కూడా ఉంది. జలపాతాలు కొండల మీంచి పడటాన్ని కన్నడ రచయితలు సాధారణంగా ఈ మాటతోనే వర్ణిస్తారు. ఇందులో రెండు సంగతులు గమనించాలి.

మొదటిది, ఒత్తక్షరం. ద్రావిడ భాషల సొంత మాటల్లో ఒత్తక్షరాలు ఉండవు. ఉంటే ఆ మాట సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చిందైనా కావాలి, శబ్దాన్ని అనుకరించేదైనా కావాలి. ధుముకుకు సంస్కృత మూలం కనిపించదు. కనుక రెండో దారే మిగులుతుంది. రెండోది, ధుమ్మిక్కును ధుం, ఇక్కు అని విడగొట్టవచ్చు. ఇక్కు అంటే కన్నడంలో పెట్టు, వేయు. అంటే ధుమ్మిక్కు అన్నది 'ధుమ్మని వేయు' అన్నట్టు. తెలుగులోని దుమికు రూపాన్ని దీని పక్కన పెడితే పోలిక దగ్గరగా ఉంది. బరువైనది ఏదో ఎత్తునుంచి నీళ్ళలో పడ్డప్పుడు వినిపించే చప్పుడే ఈ మాటకు మూలం అన్న ఊహకు దీనివల్ల బలం వస్తుంది. ఇది నిర్ధారణ కాదు, ఊహే. అయితే దూకు అన్నప్పుడల్లా తెలుగువాడి మనసులో నుయ్యో ఏరో ముందు మెదలడానికి ఇంతకంటే మంచి వివరణ దొరకడం కష్టం.

ద్రావిడ భాషల మధ్య ఇలాంటి బంధుత్వాలను బరో, ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండో కూర్పు 1984) ఒకచోట చేర్చింది. తెలుగు ధాతువుల నిర్మాణంపై భద్రిరాజు కృష్ణమూర్తి గ్రంథం 'తెలుగు వెర్బల్ బేసెస్' కూడా 1961లోనే వెలువడింది.

నిఘంటువులు

సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కూడా అదే ఏడాది. యాదృచ్ఛికమే అయినా గుర్తుపెట్టుకోవడానికి వీలైన జత. ఆ తర్వాత ఆరేళ్ళకు, 1858లో, పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడింది. అరసున్న ఎక్కడ రాయాలో ఎక్కడ రాయకూడదో పాఠశాలల్లో కట్టుదిట్టమైంది ఆ సంప్రదాయం వల్లనే. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. కావ్యప్రయోగాలతో సహా మాటలను వివరించిన బృహత్ప్రయత్నం శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు. పిఠాపురం రాజావారి పోషణలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు దాన్ని సిద్ధం చేసింది. గోదావరి జిల్లాల గడ్డమీద పోషణ పొందిన నిఘంటువు ఇది.

నిఘంటువులు కావ్యభాషను పట్టుకున్నంత గట్టిగా వాడుకను పట్టుకోలేదు. వృత్తులవారి మాటలను ఊరూరా తిరిగి సేకరించే పని భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశంతో మొదలైంది. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది.

అర్థక్షేత్రం

దూకు ఒంటరి మాట కాదు. హఠాత్తు కదలికను తెలుగు అరడజనుకు పైగా క్రియలకు పంచిపెట్టింది. ఒకదాని పని మరొకటి పూర్తిగా చేయలేదు.

దాటు ఇప్పుడు అడ్డంగా ఉన్నదాన్ని వెనక వదిలి ముందుకు పోవడం. రోడ్డు దాటతారు, ఏరు దాటతారు, వయసు దాటుతుంది. పాత తెలుగులో మాత్రం దాఁటు అంటే గంతే. తమిళంలో తాండు, కన్నడంలో దాంటు, దాటు ఉన్నాయి. తమిళంలో నిలిచిన అనునాసికమే తెలుగులో అరసున్నగా మిగిలి చివరికి మాయమైంది. దూకుకు పట్టిన గతే దీనికీ పట్టింది, కానీ అర్థం మాత్రం వేరే దారి పట్టింది. దూకు నేలను విడిచే క్షణాన్ని పట్టుకుంది. దాటు అవతలి ఒడ్డును పట్టుకుంది. పడవల మీద బతికిన గోదావరి లంకల్లో దాటడానికి ఎంత బరువుందో 'ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య' అన్న సామెత చెబుతుంది.

ఎగురు పైకి చేసే కదలిక. తమిళంలో దీని తోబుట్టువు ఎగిఱు ఇప్పటికీ గంతు వేయడం దగ్గరే ఉంది. తెలుగులో ఎగురు పక్షులకూ విమానాలకూ పోయి, గంతు అనే అర్థం 'ఎగిరి గంతేశాడు', 'ఎగిరిపడ్డాడు' వంటి జంటమాటల్లో మిగిలింది.

ఉరుకు, పాత రాతలో బండి ఱతో ఉఱుకు, కావ్యభాషలో దూకడానికీ పరుగెత్తడానికీ రెండింటికీ పనికొచ్చింది. తెలంగాణలో పరుగెత్తడానికి ఇదే మాట: ఉరికిండు. కోస్తాలో విడిగా తక్కువ, 'ఉరుకులు పరుగులు' అనే జంటలోనూ 'ఉరకలు' అనే బహువచనంలోనూ ఎక్కువ. కొత్త నీరు తగిలిన గోదావరి ఉరకలేస్తుంది, పరవళ్ళు తొక్కుతుంది. ఈ రెండు మాటలూ పత్రికల వరద వార్తల్లో ఎంత అరిగిపోయాయంటే, వాటిలో గుర్రం లాంటి జంతువొకటి దాగి ఉందన్న సంగతి ఎవరికీ తట్టదు.

గెంతు ఉన్నచోటనే లేదా చిన్న దూరంలో కాళ్ళతో చేసేది. సంతోషానికీ ఆటకూ దగ్గర. నామవాచకం గంతు. కాళ్ళు దగ్గరికి ముడిచి ఒక్కసారిగా లేచేది కుప్పిగంతు. హనుమంతుడి ముందు వేయకూడదని సామెత వారించేది దీన్నే.

తుళ్ళు గమ్యంలేని కదలిక. పైకీ కిందికీ, పదేపదే. దూడ తుళ్ళుతుంది, వలలో చేప తుళ్ళుతుంది. తమిళంలో, మలయాళంలో కూడా తుళ్ళు ఉంది. 18వ శతాబ్దంలో కుంజన్ నంబియార్ పేరుతో ముడిపడి ప్రసిద్ధికెక్కిన కేరళ నృత్యకళ ఓట్టంతుళ్ళల్ పేరులో ఉన్నది ఈ మాటే. తెలుగులో పడు చేరితే తుళ్ళిపడు అవుతుంది. అప్పుడు కదలిక మనిషి చేతిలో ఉండదు. ఉలికిపడు, అదిరిపడు, ఎగిరిపడు కూడా ఈ కోవలోవే. తెలుగులో పడు చేరినచోట కదలిక చేసేది కాక జరిగేది అవుతుంది. ఎగిరిపడు మాత్రం కోపం దగ్గర కాస్త తప్పించుకుంది. అక్కడ జరిగేదెంతో చేసేదెంతో ఎగిరిపడ్డవాళ్ళే చెప్పాలి.

వేగాన్ని చెప్పే మాటలు

హఠాత్తుదనాన్ని క్రియ ఒక్కటే మోయదు. తెలుగు దానికి ముందు శబ్దానుకరణ పదం ఒకటి తగిలిస్తుంది. చెంగున దూకింది అంటే తేలికైన దూకు. జింకకో దూడకో సరిపోతుంది. దభీమని దూకాడు అంటే బరువైనది. నీళ్ళు చిమ్మి ఉంటాయి. గభాలున దూకాడు అంటే ఆలోచించే వ్యవధి లేదు. చటుక్కున, గబుక్కున, ఠక్కున అనేవి చిన్న కదలికలకు: చెయ్యి వెనక్కి తీసుకోవడం, తల తిప్పడం, మాట అందుకోవడం.

వీటి నిర్మాణంలో ఒక క్రమం ఉంది. చివరి -ఉన కదలిక ఒక్కసారే జరిగిందని చెబుతుంది. దాని ముందు -క్కు అని ద్విత్వం వస్తే కదలిక మొదలైనట్టే ఆగిపోయిందని అర్థం. మూలపదాన్ని రెండుసార్లు అంటే, చెంగుచెంగున, గబగబ, చకచక, కదలిక పదేపదే జరుగుతున్నట్టు. చటుక్కున నడిచాడు అనలేం, చకచకా నడిచాడు అనాలి. తెలుగు పుట్టి మాట్లాడేవారెవరూ ఈ సూత్రాన్ని నేర్చుకోరు. ఎవరూ తప్పరు కూడా.

సంస్కృతం నుంచి వచ్చినవి

తత్సమాల్లో ముఖ్యమైన ధాతువులు రెండు. మొదటిది లంఘ్. లంఘనం, లంఘించు, ఉల్లంఘన దీని సంతానం. దూకి దాటడం నుంచి హద్దు మీరడం వరకు ఉల్లంఘన చేసిన ప్రయాణాన్నే తెలుగు దాటు కూడా 'గీత దాటు', 'మాట జవదాటు' అన్న ప్రయోగాల్లో వేరేగా చేసింది. 'లంఘనం పరమౌషధం' అన్నచోట లంఘనం ఉపవాసం. ఆయుర్వేదం దాన్ని శరీరానికి లాఘవాన్ని, అంటే తేలికదనాన్ని, ఇచ్చేదిగా వివరిస్తుంది. పూట భోజనాన్ని దూకి వెళ్ళడం అని అర్థం చేసుకునేవారికీ మాట అడ్డుచెప్పదు.

సాహిత్యంలో లంఘనమంటే సముద్రలంఘనమే. వాల్మీకి రామాయణంలో కిష్కింధాకాండ చివర సముద్రతీరాన కూర్చున్న వానరులు ఎవరెంత దూకగలరో వరసగా చెబుతారు. గజుడు పది యోజనాలతో మొదలుపెడితే జాంబవంతుడు వృద్ధాప్యం వల్ల తొంభై దగ్గర ఆగుతాడు. అంగదుడు నూరు దూకగలనంటాడు గాని తిరుగు దూకు మీద అతనికే నమ్మకం లేదు. హనుమంతుడి దూకు సుందరకాండ మొదటి సర్గను ఆక్రమించింది.

రెండో ధాతువు ప్లు. దీనికి తేలడం, ఈదడం, దూకడం, ముంచెత్తడం అన్నీ అర్థాలే. నీటి కదలికనూ దూకునూ సంస్కృతం ఒకే ధాతువులో పెట్టింది. ప్లవమంటే తెప్ప, ప్లవగం, ప్లవంగం అంటే కోతి లేదా కప్ప. జలప్లావనమంటే వరద ముంపు. విప్లవం మొదట్లో కొట్టుకుపోవడం, చెల్లాచెదరవడం, ఉపద్రవం. రాజకీయార్థం ఆధునిక కాలపుది. తెలుగు సంవత్సరాల వరసలో ప్లవ ఒకటి. ఈమధ్య వచ్చిన ప్లవ 2021 ఉగాదితో మొదలైంది. వ్యాకరణంలో ప్లుతం మూడు మాత్రల అచ్చు; హ్రస్వదీర్ఘాలను దాటి సాగేది. దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు ఇది వస్తుందని పాణిని సూత్రం. అవతలి రేవులో ఉన్న పడవవాణ్ణి ఇవతలి నుంచి కేకేసిన ప్రతివాడి గొంతులోనూ ఇది వినిపించేదే. ఒక సూత్రంలోని మాట మధ్యలోని సూత్రాలను వదిలేసి ముందున్న సూత్రానికి వర్తించడాన్ని మండూకప్లుతి అంటారు. కప్పదాటు అన్న తెలుగు మాటకు ఇది శాస్త్రీయమైన అన్నగారు.

ధవళేశ్వరం: నీటి దూకు

ధవళేశ్వరం రాజమహేంద్రవరానికి కొద్ది కిలోమీటర్ల దిగువన, గోదావరి ఎడమ గట్టున ఉంది. నది ఇక్కడి నుంచి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. మైదానంలోకి వచ్చిన నది కనుక ఇక్కడ సహజమైన జలపాతం ఉండే వీల్లేదు. నదికి దూకే అవకాశం కల్పించినది మనుషుల కట్టడమే.

ఆర్థర్ కాటన్ (1803–1899) అంతకుముందు తమిళ దేశంలో కొల్లిడం నది మీద 1836లో ఆనకట్టలు కట్టిన అనుభవంతో గోదావరికి వచ్చాడు. పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. నది నడుమ ఉన్న లంకలను ఆసరాగా తీసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టారు. లంకలను మినహాయిస్తే కట్టడం పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. పునాది రాతి మీద కాదు, ఇసుక మీద. ఇంగ్లీషువాళ్ళు దీన్ని అనికట్ అన్నారు. అది తమిళ అణైక్కట్టును వాళ్ళ నోట పలికిన తీరు. ఇక్కడివారికి ఆనకట్ట.

ఆనకట్టంటే నదిని పూర్తిగా ఆపేది కాదు. నీటి మట్టాన్ని కొంత పైకి లేపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి మళ్ళించి, మిగిలినదాన్ని తన తలమీదుగా పోనిచ్చే గోడ అది. అంటే పనిలో అది చెరువు అలుగుకు పెద్దన్న. అలుగుకు వాడే క్రియే దీనికీ వర్తించింది: నీరు ఆనకట్ట దూకుతుంది. తర్వాతి దశాబ్దాల్లో గోడ ఎత్తు పెంచారు, పైన షట్టర్లు బిగించారు. అయినా వరదలో నీరు పోయే దారి మారలేదు, పైనుంచి దూకడమే.

అలా దూకిన నీరు కట్టడానికి ప్రమాదం. ఎత్తునుంచి పడ్డ నీరు గోడ అడుగున పలచగా, అతివేగంగా సాగుతుంది. కొంత దూరం పోయాక దిగువనున్న లోతైన, నెమ్మదైన నీటిని ఢీకొని ఒక్కసారిగా పైకి లేచి, సుడులు తిరిగి, నురగ కక్కి నెమ్మదిస్తుంది. ఇంజనీర్లు దీన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. వంటింటి కుళాయి కింద పళ్ళెం పెట్టినా చిన్నపాటిది కనబడుతుంది: ధార పడ్డచోట చుట్టూ పలచని వలయం, దాని అంచున హఠాత్తుగా లేచిన గట్టు. నీటికున్న శక్తిలో పెద్ద భాగం ఆ లేవడంలోనే ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఇసుక మీద జరిగితే ఇసుక లేచిపోయి గోడ కిందకు గొయ్యి పడుతుంది. అందుకే గోడకు దిగువన పెద్ద రాళ్ళు పరిచి వెడల్పైన తాపడం వేస్తారు. ఇసుక పునాది మీది ఆనకట్టలకు ప్రాణం గోడలో ఎంతుందో ఈ రాళ్ళలోనూ అంతే ఉంది. ఒక్క దూకులో రెండు దూకులు ఉన్నాయన్నమాట, ఒకటి కిందికి, ఒకటి పైకి.

పాతబడిన ఆనకట్ట స్థానంలో 1970లలో బ్యారేజీ నిర్మాణం మొదలై 1980ల తొలినాళ్ళకు పూర్తయింది. దానికి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ అని పేరు. గేట్లు మొత్తం 175: ధవళేశ్వరం భాగంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. ఆనకట్టకూ బ్యారేజీకీ తేడా క్రియలోనే ఉంది. బ్యారేజీలో గేటును పైకి ఎత్తుతారు, నీరు దాని కిందనుంచి పోతుంది. దూకడానికి తల లేదు. అందుకే ధవళేశ్వరం వరద వార్తల్లో ఇప్పుడు కనబడే క్రియలు 'గేట్లు ఎత్తారు', 'దిగువకు వదిలారు', 'సముద్రంలోకి విడుదల చేశారు'. వీటికి కర్త నది కాదు, అధికారులు. ఆనకట్ట రోజుల్లో నది తానే దూకేది.

వరదను అంచెలుగా ప్రకటిస్తారు. బ్యారేజీ వద్ద నీటి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక వేళకు ప్రవాహం సెకనుకు సుమారు పది లక్షల ఘనపుటడుగులు, అంటే పది లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టు 16న ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం నమోదైంది. 2022 జులై వరదలో 25 లక్షలకు పైగా వచ్చింది. ఇంత నీటికి గేట్లన్నీ పూర్తిగా పైకెత్తేస్తారు. అప్పుడు బ్యారేజీ ఉన్నా లేనట్టే; నది స్తంభాల మధ్యగా తన మట్టాన తాను పోతుంది. పెద్ద వరదలో దూకు అసలు ఉండదన్నది వినడానికి వింతగా ఉంటుంది గాని, ఎగువా దిగువా మట్టాలు దగ్గరపడ్డప్పుడు నీటికి పడటానికి ఎత్తు మిగలదు.

కట్టడం నీటికి దిగువ దారి ఇచ్చినా చేపకు ఎగువ దారి ఇవ్వలేదు. సముద్రంలో ఇలస అని పిలిచే చేప వర్షాకాలంలో ఎర్రనీటి వాసన పట్టి గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది. నదిలోకి వచ్చాక దాని పేరు పులస. ధవళేశ్వరం దాని ప్రయాణానికి చివరి మజిలీ. కొన్ని దేశాల నదుల్లో సాల్మన్ చేపలు అడ్డుగోడలను ఎగిరి దాటుతాయి. పులసకు ఆ విద్య లేదు. పులస ఎదురీదుతుంది, వలలో పడితే తుళ్ళుతుంది, దూకదు. తెలుగు ఈ మూడు క్రియలనూ వేరుగా ఉంచడం ఇక్కడ ఉపయోగపడింది.

అర్థవిస్తరణ

దూకు అలంకారికంగా వాడినప్పుడు రెండు దిక్కులకు పోయింది. ఒకటి ఆలోచన లేకపోవడం. స్నేహితుల మాట విని తప్పుచేసిన పిల్లవాణ్ణి పెద్దలు అడిగే ప్రశ్న తెలుగునాట అంతటా ఒకటే: 'వాడు నూతిలో దూకమంటే దూకేస్తావా?' రెండోది తెగువ. రంగంలోకి దూకాడు, ఉద్యమంలోకి దూకాడు అంటే మెచ్చుకోలు. రెండింటిలోనూ ఉన్నది ఒకే అంశం, కాళ్ళు నేలను వదిలాక వెనక్కి తిరగడం లేదు. ఫలితాన్ని బట్టి ఒకదాన్ని మూర్ఖత్వమనీ మరొకదాన్ని సాహసమనీ అంటారు.

దూకుడు ఈ రెండింటి మధ్య నిలబడింది. కోస్తాలో వెనకాముందూ చూడని తత్వానికి ఇది పేరు. పెద్దవాళ్ళు 'ఆ దూకుడు తగ్గించుకో' అంటే మందలింపు. పత్రికల భాషలో దానికి మంచి రోజులు వచ్చాయి. ఆట పేజీల్లో దూకుడైన బ్యాటింగ్, వ్యాపార పేజీల్లో మార్కెట్ల దూకుడు ప్రశంసలే. శ్రీను వైట్ల దర్శకత్వంలో మహేశ్ బాబు నటించిన దూకుడు చిత్రం 2011 సెప్టెంబరు 23న విడుదలయ్యాక మాటలోని మందలింపు పాలు మరింత తగ్గింది.

రాజకీయాల్లో పార్టీ మారడం గోడ దూకడం. ఇక్కడ క్రియకు కర్మ వచ్చింది: గోడను దూకు. ఎత్తునుంచి కిందికి అన్న అర్థం వెనక్కి పోయి, అడ్డును దాటడం ముందుకొచ్చింది. ఏ పక్కకు దూకుతారో తేల్చుకోనివారు గోడమీది పిల్లులు. ఫిరాయింపుల నిరోధానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలు 1985లో చేరింది. మాట వాడుక దానివల్ల తగ్గిన జాడ లేదు. పైగా ఇంగ్లీషు జంప్ వచ్చి చేరి 'జంప్ జిలానీ' అనే పేరును పుట్టించింది. వాడుకలో జంప్ అవడమంటే దూకడం కాదు, పారిపోవడం: 'అప్పు చేసి జంపయ్యాడు'. దూకినవాడు ఎక్కడో ఒకచోట పడతాడని తెలుగు క్రియ హామీ ఇస్తుంది. జంపైనవాడి విషయంలో ఆ హామీ లేదు.